గుంటూరు ఆరు పలకలు: కృష్ణా డెల్టాలో ఆకాశ ఛాయాచిత్రణ

కృష్ణా డెల్టాకు ఆకాశ ఛాయాచిత్రణతో ఉన్న అనుబంధం నూట యాభై ఏళ్లు దాటినది. 1868 ఆగస్టు 18న గుంటూరులో నిలిపిన ఒక టెలిస్కోపుతో, తడి ఆరని గాజు పలకల మీద, సంపూర్ణ గ్రహణం పట్టిన సూర్యుడి రూపాన్ని ఆరుసార్లు నమోదు చేశారు. నేటి ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీల వెలుగును, అంటే గురుత్వాకర్షణతో కట్టుబడి ఉన్న వేల కోట్ల నక్షత్రాల సమూహాల వెలుగును, ఇంటి మేడ మీది నుంచే ఎలక్ట్రానిక్ కెమెరాతో కూడగట్టగలుగుతున్నాడంటే, ఆ విద్య గడచివచ్చిన తొలి మజిలీల్లో గుంటూరు ఒకటి. అయితే ఆనాటి గుంటూరును జనం తలచుకునేది ఎక్కువగా హీలియం వాయువు కథతోనే. ఆ కథ ప్రచారంలో ఉన్న రూపంలో పూర్తిగా సరైనది కాకపోగా, దాని చాటున మరుగునపడిన రెండు విషయాలు, ఒకటి ఆ ఆరు పలకలు, రెండోది అదే ఉదయం మచిలీపట్నంలో నిలిచిన ఒక ఖగోళవేత్త రూపొందించిన ప్రకాశ కొలమానం, మసక గెలాక్సీల చిత్రణకు హీలియం కంటే ఎంతో దగ్గరి చుట్టాలు.

ఆనాటి గ్రహణానికి యూరప్ శాస్త్రజ్ఞులు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి ప్రధాన కారణం దాని నిడివి. చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్న సమయంలో సంభవించడంతో, సయాం సింధుశాఖ దగ్గర సంపూర్ణ దశ ఆరున్నర నిమిషాలకు మించి సాగింది. కృష్ణా తీరంలోనూ అది అయిదు నిమిషాలు దాటింది. చంద్రుడి నీడ దక్కను పీఠభూమిని పడమటి నుంచి తూర్పుకు దాటి, గుంటూరు మీదుగా, బందరు అని కూడా పిలిచే మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి సాగిపోయింది. ఆ నీడ వెడల్పు రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉండడం వల్ల, గుంటూరుకు ముప్పై కిలోమీటర్ల దూరంలోని బెజవాడ, అంటే నేటి విజయవాడ, కూడా ఆ ఉదయం చీకటిలో మునిగింది. అప్పటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి పదమూడేళ్లయింది. రైలు ఇంకా రాలేదు. కాలువలూ పడవలూ ఉన్నాయి. బరువైన పరికరాలతో సముద్రం మీదుగా వచ్చేవారికి బందరు రేవే వాకిలి. నాలుగేళ్ల కిందట, 1864 నవంబరు 1న, ఉప్పెన ముంచెత్తి వేలాది మందిని పొట్టనబెట్టుకున్న పట్టణం అది. ఇంకా తేరుకోని ఆ ఊరే 1868లో ప్రపంచ ఖగోళ శాస్త్రానికి ఒక విడిది అయింది.

గుంటూరులో రెండు బృందాలు మకాం వేశాయి. ఒకటి ఇంగ్లండులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ప్రోద్బలంతో, భారత ప్రభుత్వ ఖర్చుతో వచ్చిన మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెన్నంట్ బృందం. రెండోది ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జూల్ జాన్సెన్ బృందం. జాన్సెన్ గుంటూరులో స్థిరపడిన లెఫోషర్ అనే ఫ్రెంచి వర్తకుడి ఇంట పరికరాలు అమర్చుకున్నాడు. మద్రాసు ప్రభుత్వ ఖగోళవేత్త నార్మన్ రాబర్ట్ పాగ్సన్ బందరును ఎంచుకున్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి మరో బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు. ఆ విధంగా నేటి రెండు తెలుగు రాష్ట్రాల నేల మీద ఒకే ఉదయం నాలుగు బృందాలు ఆకాశం వైపు చూశాయి. అయితే ఆ నాలుగింటిలో ఛాయాచిత్రణకు పెద్దపీట వేసినది టెన్నంట్ బృందం.

టెన్నంట్ తెచ్చిన టెలిస్కోపు తొమ్మిది అంగుళాల వ్యాసం గల గాజు దర్పణంతో తయారైనది. అంతకుముందు తరం దర్పణాలను రాగి తగరాల మిశ్రమ లోహంతో పోతపోసి మెరుగుపెట్టేవారు. గాజు మీద పలుచని వెండి పూత పూసే పద్ధతి అప్పటికి కొత్తగా వాడుకలోకి వచ్చి, తక్కువ బరువుతో ఎక్కువ వెలుగును ప్రతిఫలించే దర్పణాలను సాధ్యం చేసింది. నేడు ఔత్సాహికుల మేడల మీద కనిపించే న్యూటన్ తరహా టెలిస్కోపుల నిర్మాణం మూలంలో అదే. వెలుగును సేకరించే పని దర్పణానిది. దాన్ని నిలిపి ఉంచే పని పలకది. ఆ రెండో పనిలోనే 1868 నాటి అసలు కష్టమంతా ఉంది.

ఆనాటి పద్ధతిని తడి కొలోడియన్ పద్ధతి అంటారు. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన ఈ విధానంలో, ఈథరులోనూ ఆల్కహాలులోనూ కరిగించిన జిగట పదార్థమైన కొలోడియన్‌ను అయొడైడ్ లవణాలతో కలిపి గాజు పలక మీద పలుచగా పోసి, దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణపు తొట్టెలో ముంచి తీస్తారు. అప్పుడు పలక మీద కాంతికి స్పందించే వెండి లవణం ఏర్పడుతుంది. ఆ పలకను తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, వెలుగు సోకించి, వెంటనే చీకటి గదిలో రసాయనంతో రూపాన్ని బయటికి తేవాలి. ఈ మొత్తం పని నిమిషాల్లో ముగియాలి. పలక ఎండిందంటే స్పందన చచ్చిపోతుంది. చల్లని దేశాల్లోనే చేయి తిరిగినవారికి తప్ప లొంగని ఈ పనిని, ఆగస్టు నెల గుంటూరు ఉక్కలో, ఈథరు సీసా మూత తీసిన క్షణం నుంచే ఆవిరైపోతుండగా, సాపర్లనే సైనిక ఇంజనీరింగ్ దళం వారి సాయంతో టెన్నంట్ బృందం చేయవలసి వచ్చింది. అయిదు నిమిషాల చిల్లర వ్యవధిలో ఆరు పలకలకు వెలుగు చూపించాలని ముందే పథకం వేసుకుని, పదే పదే అభ్యాసం చేసి, గ్రహణం వేళ ఆ ఆరింటినీ తప్పకుండా పూర్తి చేశారు. శాస్త్ర చరిత్రలో క్రమశిక్షణకు ఇంతకన్నా చక్కని ఉదాహరణలు ఎక్కువ లేవు.

పలకల మీద పడినదేమిటి, పడనిదేమిటి అన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. ఆకాశంలో పలుచని మబ్బు తెర ఉంది. వేడికి సిల్వర్ నైట్రేట్ తొట్టెలోని నీరు ఆవిరై ద్రావణం చిక్కబడడంతో పలకల నిండా మచ్చలు ఏర్పడ్డాయి. అయినా సూర్యుడి అంచు నుంచి ఎగసే ఎర్రని వాయు జ్వాలలు స్పష్టంగా నమోదయ్యాయి. వాటిలో వేల మైళ్ల ఎత్తున మెలి తిరిగి నిలిచిన ఒక జ్వాల కొమ్ములా కనిపించడంతో, దానికి మహాశృంగం అనే అర్థంలో పేరు స్థిరపడింది. సూర్యుడి చుట్టూ దూరంగా పరచుకునే పాలవన్నె వెలుగు, అంటే కరోనా, మాత్రం ఆశించినట్లు పలకలకు చిక్కలేదు. కంటికి అంత వైభవంగా కనిపించినది పలక మీద పడకపోవడం ఆనాటి వారిని నిరాశపరిచింది. మసక వెలుగు గుణమే అది: ప్రకాశవంతమైన భాగం క్షణంలో రూపం దాల్చుతుంది, విశాలంగా, పలుచగా పరచుకున్నది మాత్రం తగినంతసేపు వెలుగు సోకించకపోతే పలక స్పందించే కనీస స్థాయిని దాటదు. కరోనా విషయంలో టెన్నంట్ ఎదుర్కొన్న చిక్కే, తరువాతి రోజుల్లో గెలాక్సీలను చిత్రించబోయిన ప్రతి ఒక్కరికీ ఎదురైంది. మూడేళ్ల తరువాత 1871 డిసెంబరు 12న దక్షిణ భారతం మీదుగా సాగిన మరో సంపూర్ణ గ్రహణంలో, నీలగిరుల చల్లదనంలో దొడ్డబెట్ట శిఖరం మీద నిలిచిన టెన్నంట్ బృందం కరోనాను పలకల మీదికి తేగలిగింది. గుంటూరులో చవిచూసిన ఓటమి కూడా ఆ ఫలితానికి పెట్టుబడే.

హీలియం సంగతి ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవాలి. వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శిని అనే పరికరంతో ఆ ఉదయం పరిశీలించిన వారిలో పలువురు జ్వాలల వెలుగులో ఒక పసుపు గీతను చూశారు. దాన్ని సోడియం ధాతువు గీతగా భావించినవారే ఎక్కువ. జాన్సెన్ గుంటూరులో సాధించిన గొప్పతనం మరొకటి. గ్రహణం ముగిసిన మర్నాడు, నిండు వెలుగులో, గ్రహణం లేకుండానే ఆ జ్వాలల గీతలను చూడవచ్చని ఆయన నిరూపించాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ స్వతంత్రంగా అదే పద్ధతిని అక్టోబరు 20న సాధించాడు. ఇద్దరి వార్తలూ పారిస్ సైన్స్ అకాడమీకి ఒకే సమావేశంలో అందాయి. ఆ పసుపు గీత సోడియంది కాదని తేల్చి, కొత్త మూలకమేదో ఉందన్న ఊహకు బలం చేకూర్చినది లాకియర్. ఆ వాయువును భూమి మీద వేరుచేసినది 1895లో విలియం రామ్సే. ఫ్రెంచి ప్రభుత్వం 1872లో జాన్సెన్, లాకియర్ల ముఖాలు రెండూ చెక్కిన పతకాన్ని వెలువరించింది. గుంటూరులో హీలియం కనుగొన్నారన్న మాట ఈ పరిణామాలన్నింటినీ ఒక్క ముక్కలో కుదించగా పుట్టినది. గుంటూరు ఘనతకు ఆ అతిశయోక్తి అవసరం లేదు.

బందరులో నిలిచిన పాగ్సన్ ఈ చరిత్రకు ఇచ్చినది మరీ విలువైనది, అయితే దాన్ని ఆయన డెల్టాకు రావడానికి పన్నెండేళ్ల ముందే తయారుచేశాడు. ప్రాచీన గ్రీకు ఖగోళవేత్తలు కంటికి కనిపించే నక్షత్రాలను ఆరు తరగతులుగా విడదీసి, అత్యంత ప్రకాశవంతమైనవాటిని మొదటి తరగతిలోనూ, చూపు ఆనీ ఆననట్లుండేవాటిని ఆరో తరగతిలోనూ చేర్చారు. ఈ తరగతిని ప్రకాశ పరిమాణం అంటారు. కంటి అంచనాగా మాత్రమే ఉన్న ఆ ఏర్పాటుకు 1856లో, ఆక్స్‌ఫర్డులో పనిచేస్తున్న పాగ్సన్ గణిత రూపం ఇచ్చాడు: అయిదు తరగతుల తేడా ఉంటే వెలుగులో సరిగ్గా నూరు రెట్ల తేడా, కాబట్టి ఒక్క తరగతికి 2.512 రెట్లు. ఈ నియమంతో కొలత కంటి పరిధిని దాటి ఎంత దూరమైనా సాగగలిగింది. పదహారో పరిమాణపు గెలాక్సీ అంటే కంటికి కనిపించే చివరి నక్షత్రం కన్నా పది మెట్లు కింద, వెలుగులో పదివేల వంతు మాత్రమే ఉన్నదని అర్థం. పాగ్సన్ 1861లో మద్రాసు వచ్చి, 1891లో చనిపోయేదాకా ముప్పై ఏళ్లు అక్కడి వేధశాలను నడిపాడు. ప్రపంచంలో ఏ మూల ఏ ఔత్సాహికుడు తన కెమెరాకు అందిన అతి మసక గెలాక్సీ పరిమాణాన్ని రాసుకున్నా అది ఆయన కొలమానంలోనే. ఆ కొలమానం గీసిన మనిషి గ్రహణ కాంతిని పరీక్షించడానికి బందరు ఇసుక మీద నిలిచాడన్నది డెల్టా చరిత్ర రాసేవారు విడిచిపెట్టదగిన విషయం కాదు.

గ్రహణాల నుంచి గెలాక్సీల దాకా దారి వేసినది పొడి పలక. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు వెండి లవణాలను జెలటిన్‌లో కలిపి పలకలు తయారుచేసే పద్ధతిని సూచించాక, మరి కొందరి మెరుగులతో అది స్థిరపడి, పలక ఎండిపోతుందన్న తొందర తీరిపోయింది. గంటల తరబడి వెలుగు సోకించడం సాధ్యమైంది. గెలాక్సీల చిత్రణలో తొలి విజయం జీతం తీసుకునే ఖగోళవేత్తది కాకపోవడం గమనించదగినది. ఇళ్ల నిర్మాణ గుత్తేదారుగా గడించిన ఐజక్ రాబర్ట్స్ అనే ఔత్సాహికుడు, ఇరవై అంగుళాల దర్పణపు టెలిస్కోపుతో 1888 డిసెంబరులో దేవయాని రాశిలోని మసక మేఘాన్ని చాలాసేపు చిత్రించి, దానిలో సుడి తిరిగే చేతులున్నాయని లోకానికి చూపించాడు. ఏ కంటికీ, ఎంత పెద్ద టెలిస్కోపులోనూ అంతవరకు అంత విస్పష్టంగా కనబడని ఆ రూపం పలకకే మొదట దొరికింది. కన్ను వెలుగును కూడబెట్టలేదు. క్షణక్షణానికి దాన్ని వదిలేస్తుంది. పలక మాత్రం తనకు చిక్కిన వెలుగును కలుపుకుంటూ పోతుంది. అది పాలపుంతకు బయట ఉన్న మరో గెలాక్సీ అని తేలడానికి ఇంకో ముప్పై అయిదేళ్లు పట్టింది. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ వంద అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఒక పలక మీద, వెలుగు క్రమంగా పెరుగుతూ తరుగుతూ ఉండే సెఫీడ్ రకం నక్షత్రాన్ని అక్కడ గుర్తించి, దాని సాయంతో దూరం లెక్కగట్టాడు. ఇప్పటి లెక్క ప్రకారం ఆ దూరం దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాలు.

తెలుగు నేల మీద ఈ విద్యకు పునాది వేసినవారిలోనూ సొంత డబ్బుతో, సొంత అభిరుచితో పనిచేసినవారే ముందున్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల నెలకొల్పాడు. ఆయన అల్లుడు, డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన అంకితం వెంకట నరసింగరావు దాన్ని వృద్ధి చేసి, గ్రహణాలను, గ్రహాలు సూర్య బింబం మీదుగా సాగే సంక్రమణాలను పరిశీలించి, వివరాలు లండనుకు పంపాడు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి పదిహేను అంగుళాల టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండ దగ్గర వేధశాలకు నాంది పలికాడు. ఆయన తరువాత నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టింది. 1908లో సంచాలకుడిగా వచ్చిన ఆర్థర్ చాట్‌వుడ్ హయాంలో నిజామియా వేధశాల బేగంపేటకు మారి, ఎనిమిది అంగుళాల ఛాయాచిత్ర టెలిస్కోపుతో అంతర్జాతీయ ఆకాశ పట కార్యక్రమంలో చేరింది.

ఆ కార్యక్రమాన్ని 1887లో పారిస్‌లో జరిగిన సమావేశం ఆరంభించింది. ఆకాశమంతటినీ పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీని ఒక్కో వేధశాలకు అప్పగించి, పలకల మీద నక్షత్రాల స్థానాలను కొలవాలన్నది సంకల్పం. చిలీలోని శాంటియాగో వేధశాల పూర్తిచేయలేకపోయిన దక్షిణ పట్టీ, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య భాగం, హైదరాబాదుకు వచ్చింది. తరువాత జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తర పట్టీలో కొంత కూడా చేరింది. 1914 నుంచి ఆర్.జె. పోకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరశాస్త్రి, వారి తరువాత అక్బర్ అలీ నడిపిన ఈ పనిలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా వెలువరించారు. రాత్రంతా పలక మీద వెలుగు పోగుచేయడం, పగలంతా సూక్ష్మదర్శిని కింద ఒక్కో చుక్కనూ కొలవడం ఆ పని తీరు. ఎవరి పేరూ మారుమోగని ఈ దీర్ఘ శ్రమను ఆధునిక ఖగోళశాస్త్రంలో తెలుగు నేల ఇచ్చిన అతిపెద్ద కానుకల్లో ఒకటిగా ఎంచాలి. హైదరాబాదు పట్టీలోనే తిమి రాశిలోని ఎన్.జి.సి. 247 వంటి గెలాక్సీలున్నాయి; కానీ ఆ పలకల ఉద్దేశం నక్షత్రాల స్థానాలు తేల్చడమే తప్ప, పలుచని వెలుగును రాబట్టడం కాదు.

ఆ వేధశాల ఆవరణలో పెరిగిన పిల్లవాడే వేణు బాప్పు. తండ్రి నిజామియాలో ఉద్యోగి కావడంతో చిన్ననాటే టెలిస్కోపు చేతికందిన బాప్పు, నిజాం కళాశాలలో చదువుతూనే ఔత్సాహికుడిగా పరిశీలనలు సాగించాడు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డుకు వెళ్లిన కొద్ది కాలానికే, 1949 జులైలో, తాను తీసిన పలక మీద ఒక తోకచుక్కను గుర్తించాడు. అది బాప్పు, బోక్, న్యూకిర్క్‌ల పేరిట నిలిచింది. పలక మీద లక్షల చుక్కల నడుమ నిన్న లేని మసక మరకను పోల్చుకునే కన్ను హైదరాబాదులో తయారైన కన్ను. ఉస్మానియా విశ్వవిద్యాలయం తన పరిశీలనలను నగరపు వెలుగుకు దూరంగా జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గరికి మార్చి, 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. సరిగ్గా గుంటూరు గ్రహణానికి నూరేళ్లు నిండిన సంవత్సరమది. అదే ఏడాది అక్టోబరులో విజయవాడ వన్ టౌన్‌ను ఆనుకుని ఉన్న కొండ మీద రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గాంధీ స్తూపాన్ని ఆవిష్కరించాడు. ఆ గాంధీ కొండ మీదే తరువాత నక్షత్రశాల వచ్చింది. డెల్టాలో ఎందరో పిల్లలు రాశుల ఆకారాలను మొదట పోల్చుకున్నది ఆ గుమ్మటం కిందే.

బేగంపేట వేధశాలను నిరుపయోగం చేసిన కారణం, రంగాపూర్ వైపు నెట్టిన కారణం ఒకటే, నగరపు వెలుగు. వన్ టౌన్ ఆకాశానికి పట్టినదీ అదే. కొండకూ కృష్ణకూ నడుమ ఇరుక్కున్న పాత పట్నంలో బ్రాహ్మణ వీధి నుంచి చిట్టినగర్ దాకా దీపాలు ఎడతెగవు. నదీ కాలువలూ కలిసి గాలిని తేమతో నింపుతాయి. ఆ తేమకూ దుమ్ముకూ తగిలి చెదిరిన వీధి దీపాల కాంతి ఆకాశమంతా పరచుకుంటుంది. ఖగోళ పరిశీలకులు ఆకాశపు వెలుగును కూడా పాగ్సన్ కొలమానంలోనే, ఆకాశంలో ఒక చదరపు వికలకు ఇంత పరిమాణమని చెబుతారు. వికల అంటే డిగ్రీలో 3600వ వంతు. నిజమైన చీకటి చోట ఆ సంఖ్య 22కు చేరువలో ఉంటే, పెద్ద నగరం నడిబొడ్డున 18 దరిదాపులకు వస్తుంది. నాలుగు మెట్ల తేడా అంటే నగర ఆకాశం నలభై రెట్లు ఎక్కువగా వెలుగుతున్నదని. గెలాక్సీ చేతుల వెలుగు సహజమైన చీకటి ఆకాశం కన్నా కూడా పలుచన కాబట్టి, ఆ నలభై రెట్ల వెల్లువలో అది కంటికి పూర్తిగా మునిగిపోతుంది.

అయినా చిత్రణ సాధ్యం కావడానికి మూలం 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపకల్పన చేసిన సి.సి.డి. అనే సిలికాన్ పలక. వారికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. వెండి లవణపు పలక తన మీద పడిన వెలుగు కణాల్లో నూటికి ఒకటి రెండింటిని మాత్రమే నమోదు చేయగలిగితే, మంచి సిలికాన్ పలక సగానికి మించి పట్టుకుంటుంది. ఈ తేడా వల్లనే నేడు ఎనిమిది అంగుళాల టెలిస్కోపు గల ఔత్సాహికుడు, ఒకప్పుడు పెద్ద వేధశాలలకు మాత్రమే అందిన లోతులను చేరుకుంటున్నాడు. పని తీరు కూడా మారింది. గంటల తరబడి ఒకే చిత్రం తీయడానికి బదులు, రెండు మూడు నిమిషాల చిత్రాలు వందల కొద్దీ తీసి, కంప్యూటరులో నక్షత్రాలను ఒకదాని మీద ఒకటి సరిపోల్చి కలుపుతారు. గెలాక్సీ వెలుగు ప్రతి చిత్రంలోనూ ఒకే చోట పడుతుంది కాబట్టి చిత్రాల సంఖ్యతో పాటు పెరుగుతుంది; చిత్రంలోని గరుకుతనం యాదృచ్ఛికం కావడం వల్ల ఆ సంఖ్య వర్గమూలం మేరకే పెరుగుతుంది. నూరు చిత్రాలు కలిపితే స్పష్టత పది రెట్లవుతుంది. నగర ఆకాశపు సగటు వెలుగును లెక్కించి తీసివేయవచ్చు. అది తెచ్చిన గరుకుతనాన్ని మాత్రం తీసివేయలేరు, ఓపికతో మరిన్ని రాత్రులు కలిపి పలుచన చేయవలసిందే.

టెన్నంట్‌ను ఏడిపించిన వేడి ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. సిలికాన్ పలకలో వెలుగు లేకపోయినా ఉష్ణం వల్ల విద్యుత్కణాలు పుడుతూనే ఉంటాయి. ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరిగినప్పుడల్లా వాటి సంఖ్య సుమారు రెట్టింపవుతుంది. వైశాఖ మాసపు రాత్రి 30 డిగ్రీల బెజవాడ గాలిలో నిలిచిన కెమెరాను విద్యుత్ శీతలీకరణతో సున్నాకు పది డిగ్రీల దిగువకు చేర్చితే, ఆ దొంగ సంకేతం యాభై నుంచి నూరు వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. చల్లబరిచిన పలక మీద, టెలిస్కోపు అద్దాల మీద డెల్టా తేమ మంచు బిందువులై పేరుకోకుండా చూసుకోవడం ఆ వెంటనే వచ్చే మరో పని. గుంటూరులో సిల్వర్ నైట్రేట్ తొట్టెను చిక్కబరచినదీ, నేటి కెమెరాలో గరుకుతనం పుట్టించేదీ ఒకే వాతావరణం. కృష్ణా తీరంలో ఆకాశాన్ని చిత్రించదలచినవాడు ఎప్పుడైనా మొదట దాన్ని జయించవలసిందే.

ఆ శ్రమకు తగిన ప్రతిఫలాన్ని ఈ అక్షాంశం ఇస్తుంది. విజయవాడ భూమధ్యరేఖకు పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. వేసవి రాత్రుల్లో కన్యా రాశిలోని గెలాక్సీల గుంపు, సుమారు అయిదు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వెయ్యికి మించిన గెలాక్సీలున్న సమూహం, ఇక్కడ దాదాపు నడినెత్తిన నిలుస్తుంది. నడినెత్తిన గాలి పొర అతి పలుచన. యూరప్ ఔత్సాహికుల్లో చాలామందికి దిగంతం కింద దాగి ఉండే సెంటారస్-ఎ అనే గెలాక్సీ, నల్లని ధూళి పట్టీ అడ్డంగా సాగిన రూపంతో, ఇక్కడ ముప్పై డిగ్రీల ఎత్తుకు వస్తుంది. రుతుపవనాల మబ్బు తొలగిన తరువాత దేవయాని గెలాక్సీ 65 డిగ్రీల ఎత్తున సాగుతుంది. నగరం వదిలి దివిసీమలో కృష్ణ సాగరంలో కలిసే హంసలదీవి దాకా వెళితే, శీతకాలపు రాత్రి, దక్షిణాన సముద్రపు అంచుకు నాలుగు డిగ్రీల పైన పెద్ద మెగెల్లాన్ మేఘం, పాలపుంత చుట్టూ తిరిగే చిన్న గెలాక్సీ, తన శిఖర స్థానాన్ని చేరుతుంది. గాలి దాని వెలుగును చాలావరకు మింగేసినా, తెలుగు నేల మీది నుంచి దాన్ని చిత్రంలోకి తేవడం అసాధ్యం కాదు.

ఈ వారసత్వాన్ని నిలుపుకోవడానికి వేధశాలలు కట్టనక్కరలేదు. గుంటూరు, మచిలీపట్నం పాఠశాలల్లో సూర్యగ్రహణం పాఠం చెప్పే ఉపాధ్యాయులు హీలియంతో పాటు టెన్నంట్ ఆరు పలకలనూ పాగ్సన్ కొలమానాన్నీ చెప్పాలి. వీధి దీపాలకు వెలుగు నేల మీదికే దిగేలా కప్పులు అమర్చే పని పురపాలక సంఘాలది. దానివల్ల విద్యుత్తు వృథా తగ్గుతుంది, ఆకాశమూ కొంత తిరిగి దక్కుతుంది. వన్ టౌన్ మేడల మీద కెమెరా నిలిపే యువకులు తాము తీసిన ప్రతి చిత్రం పక్కన తేదీ, సమయం, స్థలం, ఆ రాత్రి ఆకాశపు వెలుగు పరిమాణం రాసి భద్రపరచాలి. 1868 నాటి వాతావరణపు వేడీ మబ్బూ నేటికి తెలిసినది టెన్నంట్ అలా రాసిపెట్టినందువల్లనే.